కత్తి పెట్టే ముందు

పదిన్నర కూడా కాలేదు, గుంటూరు ఎండ అప్పుడే చర్మవ్యాధుల ఓపీ వరండాలోకి వచ్చేసింది. చీటీలు చేతపట్టుకున్న జనం బల్లల మీద ఒకరినొకరు ఒరుసుకుంటూ కూర్చున్నారు. చివరి బల్ల మీద మాత్రం ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. దాని పక్కనే యాభై ఏళ్లావిడ ఎడమ కాలు చాపుకుని, మోకాలి కింద రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కట్టు తడిసి పసుపుపచ్చగా మారింది. వాసన మీ దాకా వస్తోంది. ఆ చోటు ఖాళీగా ఉన్నది అందుకే. మీరు వెళ్లి అక్కడ కూర్చోండి.

కోడలు ఓపీ చీటీతో ఈగల్ని తోలుతోంది. "విసరమాకే తల్లీ, గాలి తగిలినా ప్రాణం పోతంది" అంటుందావిడ, పళ్లు బిగించి.

ఆ మాట గుర్తుంచుకోండి. లోపల డాక్టరమ్మ మొదట రాసుకోబోయేది దాన్నే.

ఆవిడ పేరు అడగకండి. పల్నాడు పల్లెల్లో, ప్రకాశం మెట్ట ఊళ్లలో కీళ్లవాతానికో లూపస్‌కో ఏళ్ల తరబడి మందులు మింగుతూ, ఒకనాడు కాలి మీద లేచిన పుండు ఎన్ని కట్లు కట్టినా మానక ఇలాంటి వరండాలకు చేరే ఎందరో ఆడవాళ్ల కథలు కలిస్తే ఈవిడ. తన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి తన ఒంటి మీదే తిరగబడిన మనుషులు వీళ్లు. వీళ్ల కాలి పుండుకు పది కారణాలు ఉండొచ్చు. ఒక కారణానికి పనిచేసే మందు ఇంకో కారణానికి విషం. అందుకే వైద్యం కంటే ముందు ఆ పుండు ఏమిటో తేలాలి. అదెలా తేలుస్తారో చూద్దాం, రండి.

లోపల డాక్టరమ్మ కట్టు లాగదు. సెలైన్ పోసి తడిపి, గుడ్డ తనంతట తాను వదిలేదాకా కూర్చుంటుంది. ఆ కాసేపట్లో అడగాల్సినవన్నీ అడుగుతుంది.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"మూడు నెల్లు దాటింది డాక్టరమ్మా. పత్తి చేలో మోడు గీసుకుంది. చిన్న చీంపొక్కు లేచింది. రెండ్రోజులకి చితికింది. ఇంక ఆగలా."

"కీళ్లనొప్పులు ఎప్పటి నుంచి?"

"ఎనిమిదేళ్లు. పొద్దున లేస్తే గంటసేపు వేళ్లు ముడుచుకోవు."

"మెథోట్రెక్సేట్ బిళ్ల వారానికి ఒక్కరోజే వేసుకుంటున్నారా, రోజూ వేసుకుంటున్నారా?"

ఈ ప్రశ్న ఎందుకో తెలుసుకోండి. కీళ్లవాతానికి వారానికి ఒకసారి మింగాల్సిన ఆ బిళ్లను పొరపాటున రోజూ మింగితే నోరు, చర్మం పుళ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ఈవిడ ఆదివారం ఒక్కరోజే వేసుకునేది. పుండు లేచాక ఎవరో చెబితే అదీ మానేసింది.

"ఇంకేం వైద్యం జరిగింది?"

కోడలు అందుకుంటుంది. "ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు చేశాడండీ. తగ్గకపోతే ఒక ఆసుపత్రిలో చూపించాం. మత్తిచ్చి చెడ్డ కండంతా తీసేశారు. వారం తిరక్కుండా ఇంతది అంతయింది."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "కోసినాక పెరిగిందా? కోయకముందే అలా పెరుగుతా ఉందా?"

"కోసినాకేనండీ. అందుకే చర్మం అతికిస్తామంటే భయపడి వచ్చేశాం."

కోసినవాళ్లను తప్పుపట్టే తొందర వద్దు. చీము పట్టి కుళ్లిన పుండును శుభ్రం చేయడం సాధారణంగా సరైన వైద్యమే. షుగరు పుండు అయితే దానివల్లే కాలు దక్కుతుంది. కానీ చర్మానికి చిన్న గాయమైనా చాలు, అక్కడే రోగం రెచ్చిపోయే జబ్బు ఒకటుంది. సూది గుచ్చినా, కుట్టు వేసినా, కత్తి పెట్టినా ఆ చోటే మరో పుండు కావచ్చు. వైద్యులు ఈ గుణాన్ని పాథర్జీ అంటారు. చీటీ మీద ఆ మాట రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది డాక్టరమ్మ.

కట్టు వదిలింది. చూపు తిప్పుకోకండి.

మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు ఎముక మీద అరచేయంత పుండు. అడుగున చీము, రక్తం కలిసిన రసి. చుట్టూ ఎరుపు. కానీ డాక్టరమ్మ చూస్తున్నది అడుగును కాదు, అంచును. వంకాయ రంగులో ఉబ్బి, లోపలికి వాలి ఉంది. మొద్దుకొన పుల్లను అంచు కిందికి మెల్లగా జారిస్తే అర అంగుళం లోపలికి వెళ్లింది. ఏటి ఒరవడి కోసేసిన గట్టులా పైన చర్మం నిలిచే ఉంది, కింద అంతా బోలు. ఆవిడ కెవ్వుమంది. వెంటనే పుల్ల బయటికి వచ్చేసింది.

ఆ బోలు అంచు, ఆ రంగు, ఆ నొప్పి, కోతతో పెరిగిన తీరు కలిపి చూస్తే డాక్టరమ్మ మనసులో ఒక పేరు మెదులుతోంది: పయోడెర్మా గాంగ్రినోసమ్. 1908లో పారిస్‌లో లూయీ బ్రోక్ ఇలాంటి పుళ్లను వర్ణించాడు. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు బ్రన్‌స్టింగ్, గెకర్‌మన్, ఓలియరీ ఐదుగురు రోగుల గురించి రాస్తూ దానికి ఈ పేరు పెట్టారు. సూక్ష్మజీవులే కారణమని అప్పట్లో అనుకున్నారు. నిజానికి ఇందులో శత్రువు బయటినుంచి రాలేదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అదుపు తప్పి సొంత చర్మాన్నే కరిగిస్తాయి. పెద్దపేగు వాపు జబ్బులు, కీళ్లవాతం, కొన్ని రక్తజబ్బులు ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. స్టెరాయిడ్‌లాంటి, రోగనిరోధక శక్తిని అణిచే మందులతోనే తగ్గుతుంది.

ఇన్ని ఆనవాళ్లు కలిశాక స్టెరాయిడ్ రాసి పంపేయవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. 2002లో మేయో క్లినిక్ వైద్యులే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 95 మంది కథ రాశారు. వాళ్ల పుళ్లు పయోడెర్మాలా కనిపించాయి, కానీ కావు. కొందరిది రక్తనాళం మూసుకుపోయిన పుండు, కొందరిది సిరల జబ్బు, కొందరిది రక్తనాళాల వాపు, ఇంకొందరిది క్యాన్సర్, ఇన్‌ఫెక్షన్. వారిలో 64 మందికి లేని జబ్బుకు మందులు వాడారు. వాళ్లలో సగం మందికి పది నెలలు, అంతకు మించి కూడా. క్షయ పుండుకు నెలల తరబడి స్టెరాయిడ్ ఇస్తే ఏమవుతుందో మన దేశంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి డాక్టరమ్మ ఇప్పుడు తన అనుమానం మీదే తాను విచారణ మొదలుపెడుతుంది.

పాదం పైభాగాన రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. నాడి కొట్టుకుంటోంది. చీలమండ వెనకా కొట్టుకుంటోంది. అయినా చేతి వేళ్లను మాత్రమే నమ్మదు. చీలమండ పైన బీపీ పట్టీ చుట్టి, పాదం మీద జెల్ రాసి, పెన్నంత డాప్లర్ పరికరం ఆనించింది. రక్తం పరుగు హుష్, హుష్ అని గదంతా వినిపించింది. కాలి పీడనాన్ని చేతి పీడనంతో భాగిస్తే 1.05. అది 0.9 కంటే తగ్గితే ధమనుల్లో అడ్డు ఉన్నట్టు. అలాంటి కాలికి గట్టి కట్టు కడితే ఉన్న కాస్త రక్తమూ ఆగిపోతుంది. షుగరు ముదిరినవారిలో నాళాలు బిగుసుకుపోయి ఈ అంకె ఎక్కువగా కూడా రావచ్చు, అప్పుడు దాన్ని నమ్మకూడదు. ఈవిడకు షుగరు లేదు. ధమనుల మీద అనుమానం తీరింది.

"ఒక్క నిమిషం నిలబడతారా అమ్మా? నా భుజం పట్టుకోండి."

నిలబడితే పిక్క మీద ఉబ్బిన సిరలు లేవు. చీలమండ లోపలివైపు గోధుమరంగు మచ్చలు లేవు. సిరల పుండు ఎక్కువగా అక్కడే, ఆ మచ్చల మధ్యే లేస్తుంది.

తర్వాత నరాలు. సన్నని నైలాన్ దారాన్ని అరికాలికి ఆనించి, "తగిలిందా?" అంటుంది. ప్రతిసారీ తగిలింది. మోకాలి బయటివైపు ఎముక మెడ దగ్గర నరాన్ని వేళ్ల కింద దొర్లించి చూసింది; లావెక్కలేదు. ఒంటి మీద స్పర్శ లేని మచ్చలు లేవు. కుష్ఠు వల్లో షుగరు వల్లో వచ్చే నరాల పుండు సాధారణంగా నొప్పి తెలియనివ్వదు. గాలి తగిలితేనే ప్రాణం పోయేంత నొప్పి ఇంకో దారి చూపిస్తుంది. వరండాలో విన్న ఆ మాట ఇక్కడ సాక్ష్యమైంది.

పాదాన్ని పైకి ఎత్తమంది. ఎత్తగలిగింది. కీళ్లవాతం చాలా ఏళ్లుగా ఉన్నవారిలో రక్తనాళాలే వాచి, పంచ్‌తో కొట్టినట్టు నిటారు అంచుల లోతైన పుళ్లు పడుతుంటాయి. అప్పుడు నరాలకు రక్తం అందక పాదం హఠాత్తుగా వాలిపోవచ్చు, గోళ్ల చుట్టూ నల్లని చుక్కలు కనిపించవచ్చు. డాక్టరమ్మ చేతులు పట్టుకుని చూసింది. వేళ్లు చిటికెనవేలి వైపు ఒరిగిపోయాయి, మోచేతి వెనక గట్టి బుడిపె. గోళ్ల చుట్టూ చుక్కలు లేవు. పడుకోబెట్టి పొట్ట ఎడమవైపు నొక్కింది, ప్లీహం తగల్లేదు. కీళ్లవాతంతో ప్లీహం పెరిగి తెల్లకణాలు పడిపోయినవారికి కూడా కాలి పుళ్లు వస్తాయి మరి.

"విరేచనంలో నెత్తురు గానీ జిగట గానీ పడుతోందా? నోట్లో పుళ్లు? జుట్టు ఊడటం? కాన్పులప్పుడు గర్భం ఏమైనా పోయిందా?"

ఆవిడ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. చివరి ప్రశ్నకు కోడలు డాక్టరమ్మ వైపు వింతగా చూసింది. కాలి పుండుకూ గర్భం పోవడానికీ ఏం సంబంధం?

సమాధానం పక్క గదిలో ఉంది. అక్కడ మంచం మీద ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. లూపస్ రోగి. రెండు చీలమండల చుట్టూ శనగగింజంత పుళ్లు, సూదులతో గుచ్చుతున్నట్టు నొప్పి. మానిన చోట పింగాణీలా తెల్లని మచ్చలు, వాటి చుట్టూ ఎర్రని చుక్కలు. తొడల మీద వల పరిచినట్టు నీలం గీతలు. రెండు గర్భాలు నిలవలేదు. ఆమె పుండు అంచు బోలుగా లేదు. ముక్క తీసి చూస్తే చర్మంలోని చిన్న నాళాలన్నీ గడ్డలతో మూసుకుపోయాయి. 1983లో లండన్‌లో గ్రహామ్ హ్యూస్ వివరించిన యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అది: రక్తం గడ్డకట్టించే యాంటీబాడీలను ఒళ్లే తయారుచేసుకుంటుంది. గర్భాలు నిలవకపోవడానికీ కాళ్లు పుళ్లు పడటానికీ ఒకటే కారణం. ఆ యాంటీబాడీలు ఒకసారి కనిపిస్తే చాలదు. కనీసం పన్నెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేసి నిర్ధారించాలి. ఆ అమ్మాయికి కావాల్సింది రక్తం గడ్డకట్టనివ్వని మందు. స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తూ పోతే నాళాలు అలా మూసుకుపోతూనే ఉంటాయి.

పక్కపక్క గదుల్లో రెండు పుళ్లు. ఇద్దరికీ ఒంటి మీద ఒళ్లే తిరగబడ్డ జబ్బులే. వైద్యాలు మాత్రం వేరు.

మళ్లీ మన గదికి. "అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలమ్మా."

ఆవిడ ముఖం పాలిపోయింది. "మళ్లీ కోతా? వద్దు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా."

కోస్తే పెరిగే పుండు అని అనుమానిస్తూ కోయడమేమిటి? ఆ భయం న్యాయమైనదే. డాక్టరమ్మ బల్ల మీదినుంచి లేచి ఆవిడ పక్కన కూర్చుంది. "మీ పుండును శుభ్రం చేయటానిక్కాదు. సన్నని చిన్న ముక్క, అంతే. ఇది క్షయ కాదని, బూజు కాదని, క్యాన్సర్ కాదని తేలకుండా మందిస్తే మీకు ద్రోహం చేసినదాన్ని అవుతా. పత్తి మోడు గీసుకుందన్నారు కదా, చేలో కట్టె గుచ్చుకుని లోపల బూజు పట్టే జబ్బులూ ఉన్నాయి. కాస్త పెరిగినా మందు మొదలుపెడితే ఆగిపోద్ది. నన్ను నమ్మండి."

కోడలు అత్త చేయి పట్టుకుంది. సరేనన్నట్టు ఆవిడ తల ఊగింది.

మత్తుమందు ఎక్కించాక కత్తి ఎక్కడ పడుతుందో గమనించండి. పుండు మధ్యలో కాదు. అక్కడ చీము, చచ్చిన కండ తప్ప ఏమీ దొరకదు. మంచి చర్మం నుంచి మొదలై, వంకాయరంగు అంచును దాటి, పుండు అడుగు దాకా ఒకే పొడవాటి ముక్క, కింద కొవ్వు తగిలేంత లోతున. రెండు మిల్లీమీటర్ల చిన్న పంచ్‌తో పైపైన తీస్తే లోపలి నాళాలు దొరకవు, మళ్లీ కోయాల్సి వస్తుంది. ముక్కను భాగాలు చేశారు. ఒకటి ఫార్మలిన్‌లో, సూక్ష్మదర్శిని కోసం. ఒకటి సెలైన్‌లో, సూక్ష్మజీవులు, క్షయ క్రిములు, బూజు ఉన్నాయేమో ల్యాబులో పెంచి చూడటానికి. దాన్ని ఫార్మలిన్‌లో వేస్తే అందులోని క్రిములు చచ్చిపోయి పరీక్ష వృథా అవుతుంది. ఇంకొకటి ప్రత్యేక ద్రావణంలో, నాళాల గోడల్లో యాంటీబాడీలు చేరాయేమో చూడటానికి. సీసాల మీద పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో డాక్టరమ్మ స్వయంగా చదివింది.

రక్తం కూడా తీశారు. రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఏఎన్ఏ, ఆంకా, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి. ఒక సీసాను మాత్రం నర్సు గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కులో పెట్టి ల్యాబుకు పరుగెత్తింది. చల్లబడితే గడ్డకట్టే ప్రోటీన్లు, క్రయోగ్లోబ్యులిన్లు, అందులో ఉన్నాయేమో చూడాలి. హెపటైటిస్ సి ఉన్నవారి కాళ్లలో నాళాలు వాచేలా చేసి పుళ్లు తెప్పించేవి చాలాసార్లు అవే. రక్తం 37 డిగ్రీల దగ్గర ఉండకపోతే అవి దారిలోనే అడుగున చేరి, పరీక్షలో లేవనే వస్తుంది. ఫ్లాస్కు పట్టుకుని పరుగెత్తిన ఆ నర్సు కూడా రోగనిర్ధారణలో భాగమే.

ఇప్పుడు పాథాలజీ గది. సూక్ష్మదర్శిని రెండో కంటికి మీ కన్ను ఆనించండి. గులాబీ, ఊదా రంగుల్లో చర్మం. అంచు కింద న్యూట్రోఫిల్స్ కిక్కిరిసి ఉన్నాయి. పాథాలజిస్టు ముక్కను మెల్లగా జరుపుతూ వెతుకుతోంది. నాళాల్లో గడ్డల్లేవు. నాళాల గోడలు కుళ్లలేదు. క్షయలో కనిపించే కణాల ముద్దలు, గ్రాన్యులోమాలు, లేవు. క్యాన్సర్ కణాలు లేవు. క్షయకూ బూజుకూ వేసిన ప్రత్యేక రంగుల్లోనూ ఏమీ పట్టుబడలేదు.

"న్యూట్రోఫిల్స్ చీము పట్టిన ఏ పుండులోనైనా ఉంటాయి. ఇది పయోడెర్మా అని నా గాజుపలక ఒక్కటే చెప్పలేదు" అంటుందామె. నిజాయితీ గల మాట. అందుకే 2018లో నిపుణులు ఒక ఒప్పందానికి వచ్చారు. అంచు ముక్కలో న్యూట్రోఫిల్స్ ఉండటం ముఖ్య లక్షణం. దానికి తోడు ఎనిమిదింటిలో కనీసం నాలుగు కలవాలి: ఇన్‌ఫెక్షన్ లేదని తేలడం, పాథర్జీ, కీళ్లవాపు లేదా పేగు వాపు జబ్బు ఉండటం, పొక్కుగా లేచి త్వరగా పుండవడం, ఎర్రబడి నొప్పితో కూడిన బోలు అంచు, ఒకటికి మించిన పుళ్లలో కనీసం ఒకటి కాలి ముందువైపు ఉండటం, మానిన చోట చిల్లుల మచ్చ లేదా నలిగిన కాగితంలాంటి మచ్చ, మందు మొదలెట్టిన నెలలో పుండు తగ్గడం. డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. మొదటిది పెంపకం ఫలితాలు వస్తే గానీ పూర్తిగా తేలదు, కానీ దాని తర్వాతి నాలుగూ ఈవిడకు ఇప్పటికే ఉన్నాయి.

క్షయ క్రిమి పెంపకం ఫలితం వారాలు పడుతుంది. అంతదాకా ఆ నొప్పితో ఉంచలేరు. ముక్కలో క్షయ క్రిమి జన్యువుల కోసం చేసిన పరీక్షలో క్షయ లేదని వచ్చింది, ఛాతీ ఎక్స్‌రే బాగుంది, హెపటైటిస్ లేదు. అప్పుడు రాసింది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. ఆవిడ బరువు 48 కిలోలు, కిలోకు 0.75 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 36 మిల్లీగ్రాములు. కీళ్ల డాక్టరు వచ్చి, ఆగిపోయిన మెథోట్రెక్సేట్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మాట్లాడాడు. కట్టు కట్టడం కోడలికి నేర్పారు: అంటుకోని మెత్తని గుడ్డ, తడిపి తీయడం, రుద్దకపోవడం, ఆకుపసర్లు, పొడులు చల్లకపోవడం. నొప్పికి విడిగా బిళ్లలు.

నాలుగు రోజులకు ఆవిడ రాత్రి నిద్రపోయింది. పుండు పెద్దగా మారలేదు, నొప్పి తగ్గింది. ఈ జబ్బులో సాధారణంగా ముందు నొప్పే వెనక్కి తగ్గుతుంది. నెలకు అంచు చదునైంది, రంగు వెలిసింది, చుట్టూ కొత్త చర్మం పాకింది. అయినా డాక్టరమ్మ కోడలికి దాచకుండా చెప్పింది: ఇది తొందరగా మానే పుండు కాదు. బ్రిటన్‌లో 121 మంది మీద జరిపి 2015లో ప్రచురించిన పరీక్షలో ప్రెడ్నిసొలోన్ వాడినా, రోగనిరోధక శక్తిని అణిచే మరో మందు సైక్లోస్పోరిన్ వాడినా, ఆరు నెలలకు పూర్తిగా మానింది సగం కంటే తక్కువ మందికే. షుగరు, బీపీ, ఎముకల బలం గమనిస్తూ స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించాలి. పెంపకం ఫలితాలన్నీ వచ్చేదాకా ఫైలు మూయకూడదు. నెల దాటినా తగ్గకపోతే మందు పెంచే ముందు పేరునే అనుమానించాలి, మళ్లీ ముక్క తీయాలి. ఏళ్ల తరబడి మానని పుండు అంచు కాలీఫ్లవర్‌లా పైకి లేస్తే క్యాన్సర్ కోసం వెతకాలి.

ఒక హెచ్చరిక కూడా. జ్వరంతో, గంటల్లో పాకే వాపుతో, నల్లబడుతున్న చర్మంతో వచ్చిన కాలికి ఈ నిదానం పనికిరాదు. అది ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అక్కడ కత్తి ఆలస్యమైతే ప్రాణం దక్కదు.

మీ ఇంట్లో కీళ్లవాతమో లూపస్సో పేగు జబ్బో ఉన్నవారికి నొప్పి పెట్టే పుండు కొన్ని వారాలైనా మానకపోతే, వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకుని చర్మవ్యాధుల వైద్యుల దగ్గరికో కీళ్ల వైద్యుల దగ్గరికో వెళ్లండి. మొదట పొక్కుగా లేచిందా, గాయంతో మొదలైందా, కోసినాక తగ్గిందా పెరిగిందా చెప్పండి. వారానికోసారి ఫోనులో ఫొటో తీసి ఉంచండి. నొప్పి ఎంతో దాచుకోకండి. మన ఆడవాళ్లు ఓర్చుకోవడమే గొప్ప అనుకుంటారు, ఈ జబ్బులో ఆ ఓర్పు వైద్యుడికి అందాల్సిన ఆధారాన్ని మింగేస్తుంది. పెద్ద కోతకైనా, చర్మం అతికించడానికైనా, నెలల తరబడి స్టెరాయిడ్‌కైనా ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "అంచు నుంచి ముక్క తీసి చూశారా?" ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది. మంచి వైద్యులెవరూ దానికి కోపగించుకోరు.